నేను కట్టిన పాట నాదేనా?

(పదవ తరగతి, షోలాపూర్)

"ఈ పని నేను చేశాను" అనడానికీ, "ఇది నాది" అనడానికీ మధ్య తేడా ఏమైనా ఉందా? మామూలుగా మనం ఈ రెండు మాటలనూ ఒకటిగానే వాడేస్తాం. నేను గీసిన బొమ్మ నాది, నేను రాసిన వ్యాసం నాది, ఇందులో ఆలోచించడానికి ఏముంది అంటాం. ఈ ఏడు మా బడి గ్యాదరింగ్ కోసం కంప్యూటర్‌లో లూప్‌లు పేర్చి ఒక పాట కట్టడం మొదలుపెట్టాక నాకు ఈ రెండు మాటలూ విడివిడిగా కనబడసాగాయి. ఇంట్లో, బడిలో, ట్యూషన్‌కు పోయే దారిలో కూడా ఇదే వాదన అయింది. వాదించి వాదించి గొంతు పోవడం కంటే రాసి పెడితే నయమనిపించింది.

ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఎట్లా పనిచేస్తుందో చెప్పాలి. ఎందుకంటే మా ఇంటి పెద్దవాళ్లలో చాలామంది కంప్యూటరే పాట పాడి పెడుతుందనుకుంటున్నారు. (ఈ మధ్య అడగ్గానే పాట తయారుచేసి ఇచ్చే ఆప్‌లు కూడా వచ్చాయి. ఇది అది కాదు.) తెర మీద అడ్డంగా వరుసలు ఉంటాయి. ఒక వరుస డ్రమ్స్‌కు, ఒకటి బేస్‌కు, ఒకటి కీబోర్డుకు, ఒకటి గొంతుకు. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. ఆ కాలాన్ని బార్లుగానూ, ఒక్కో బారును నాలుగు దెబ్బలుగానూ గీతలు గీసి విడగొడతారు. లెక్కల నోటుబుక్కులో గళ్లు ఉంటాయి చూడండి, అట్లా. లూప్ అంటే ఒక చిన్న సంగీతపు ముక్క. రెండు బార్లో, నాలుగు బార్లో ఉంటుంది. దాని చివర దాని మొదలుతో అతుకు తెలియకుండా కలిసేటట్టు కోసి పెడతారు. మౌస్‌తో పట్టుకుని ఎంత దూరం లాగితే అంతదూరం అది మళ్లీ మళ్లీ మోగుతుంది.

నేను నిమిషానికి 96 దెబ్బల వేగం పెట్టుకున్నాను. అంటే ఒక బారుకు రెండున్నర సెకన్లు, నాలుగు బార్లకు సరిగ్గా పది సెకన్లు. మూడు నిమిషాల పాటకు అలాంటి గడులు 18 కావాలి. మొదటి రెండు గడుల్లో ఒట్టి కీబోర్డు, మూడో గడిలో డప్పులాంటి దెబ్బ, ఆపైన పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. పల్లవికి కావలసిన ముక్కలు ఒకసారి పేర్చుకుంటే చాలు, తర్వాత పల్లవి వచ్చిన ప్రతిచోటా ఆ భాగానికి నకలు పెట్టుకోవచ్చు. ఇంత సులువా అంటే, పేర్చడం సులువే. ఏది తీసేయాలో తెలియడమే కష్టం. నా చరణంలో మొదట ఏడు వరుసలు ఒక్కసారే మోగేవి. వింటే మంగళవారం సంతలో నిలబడ్డట్టు ఉండేది. నాలుగు తీసేస్తే అప్పుడు పాట వినబడింది.

మా చిన్నాన్న కొడుకు తబలా నేర్చుకుంటున్నాడు. వాడు విని, "ఇది పాట కాదక్కా, అతుకుల బొంత" అన్నాడు. వాడి బాధ నాకు అర్థమవుతుంది. వేళ్లు నొప్పి పుట్టేదాకా రోజూ గంటసేపు సాధన చేసేవాడి ముందు, నేను మౌస్ కదిలించి డ్రమ్స్ తెప్పిస్తే వాడికి కోపం రాదా? అయినా బొంతను తిట్టుగా వాడటం మాత్రం నాకు నచ్చలేదు. మా ఇంట్లో ఒక బొంత ఉంది. అందులో ఏ చీర ఎవరిదో అమ్మ ఇప్పటికీ వేలు పెట్టి చెప్తుంది. ఇది అమ్మమ్మ చీర, ఇది అత్తది, ఈ పచ్చ ముక్క నేను పుట్టినప్పటిది. ఆ చీరల్లో ఒక్కటి కూడా అమ్మ నేయలేదు. కానీ బొంత కుట్టింది అమ్మే. అందులో ఎవరికీ సందేహం లేదు. ఎందుకు లేదంటే, ఏ ముక్క ఎక్కడిదో ఆమె దాచదు.

మా నాన్న సాంచా మీద చద్దర్లు నేస్తాడు. చద్దరు మీద నెమలి ఎట్లా వస్తుందో మా షోలాపూర్ పిల్లలకు కొత్తగా చెప్పనక్కర్లేదు గానీ, ఈ పత్రిక వేరే ఊళ్లకూ పోతుంది కనుక చెప్తాను. నెమలిని ఎవరో కాగితం మీద గీస్తారు. దాన్ని చూసి ఇంకెవరో అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలన్నిటినీ దండలాగా కుట్టి సాంచా పైన ఉండే జకార్డ్‌కు తగిలిస్తారు. పేక దారం ఒక్కసారి అటునుంచి ఇటు పోయినప్పుడల్లా ఒక అట్ట ముందుకు వస్తుంది. పడుగులో ఏ పోగులు లేవాలో, ఏవి కింద ఉండాలో ఆ అట్ట మీది రంధ్రాలే చెప్తాయి. చివరి అట్ట అయిపోగానే మొదటి అట్ట వస్తుంది, నెమలి మళ్లీ మొదలవుతుంది. 1804 నాటి ఫ్రాన్సు యంత్రం ఇది. అందుకే నా సాఫ్ట్‌వేర్‌ను నాన్నకు చూపిస్తే రెండు నిమిషాల్లో తెలుసుకున్నాడు. "అట్టల దండనే గదా ఇది!" అన్నాడు. (షోలాపూర్ టవల్ మీద నీళ్లు పీల్చే చిన్న చిన్న దారపు ఉచ్చులను కూడా లూపులనే అంటారు. ఆ ముచ్చట మొదలుపెడితే వ్యాసం ఒడవదు.)

"నాన్నా, నువ్వు నేసిన చద్దరు నీదేనా?" అని అడిగాను.

"నేసింది నేనే. చద్దరు సేటుది" అన్నాడు. కాసేపాగి, "నెమలి ఎవరు గీసిన్రో నాకేం ఎరుక? పోగు తెగితే అతికింది మాత్రం నేనే" అన్నాడు.

ఆ మాటల్లో కోపం లేదు, గొప్ప కూడా లేదు. గీసినవాడి పని, నేసినవాడి పని, అమ్ముకునే హక్కు మూడూ వేరువేరని ఆయనకు రోజూ కనబడే సంగతి. చదువుకున్న మనమే మూడింటినీ కలిపి "నాది" అనే ఒక్క మాటలో కట్టేస్తున్నామేమో.

ఈ మూడూ కలిసిపోతే ఏమవుతుందో చెప్పడానికి లూప్‌ల చరిత్రలోనే ఒక కథ ఉంది. అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బృందం 1969లో "ఆమెన్, బ్రదర్" అనే పాట రికార్డు చేసింది. మధ్యలో మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోయి డ్రమ్స్ ఒక్కటే నాలుగు బార్లు మోగుతాయి. మొత్తం ఏడు సెకన్ల లోపే. వాయించినవాడు గ్రెగరీ కోల్‌మన్. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత ఆ కాస్త ముక్కనే కోసి లూప్ చేసి హిప్‌హాప్ వాళ్లు వాడారు, తర్వాత ఇంగ్లండులో జంగిల్ అనే సంగీతమే దాని మీద పుట్టింది. ఇప్పటికి కొన్ని వేల పాటల్లో ఆ ఏడు సెకన్లు ఉన్నాయి. కోల్‌మన్‌కు వాటినుంచి డబ్బు రాలేదు. ఆయన 2006లో చనిపోయాడు. అప్పటికి ఆయనకు ఉండటానికి ఇల్లు కూడా లేదని బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్ చెప్పాడు. 2015లో ఇంగ్లండులోని డీజేలు చందాలు పోగుచేసి స్పెన్సర్‌కు 24,000 పౌండ్లు ఇచ్చారు. కోల్‌మన్ దాన్ని చూడలేదు.

దీని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి. 2007లో రిహానా పాడిన "అంబ్రెల్లా" ప్రపంచమంతా మోగింది. అందులో డ్రమ్స్ దెబ్బ ఆపిల్ కంపెనీ గరాజ్‌బ్యాండ్ సాఫ్ట్‌వేర్‌తోపాటు ఇచ్చే ఒక లూప్. దాని పేరు "వింటేజ్ ఫంక్ కిట్ 03". ఆ కంప్యూటర్ కొన్న ఎవరికైనా అది దొరుకుతుంది. ఆ లూప్‌లను నీ పాటలో ఎంతైనా వాడుకో, పాటను అమ్ముకో కూడా, కానీ లూప్‌ను లూప్‌గా విడిగా అమ్మకు అని కంపెనీ షరతు. కనుక ఇక్కడ దొంగతనం లేదు. అయినా నాకు ఒకటి తోచింది. ఆ లూప్‌కు ఒక నంబరు ఉంది గానీ మనిషి పేరు లేదు. రిహానా పేరు తెలిసినవాళ్లు కోట్లమంది. ఆ దెబ్బ ఎవరి చేతిదో అడిగేవాళ్లు ఎందరు? అనుమతి ఉంటే నేరం ఉండదు. అంతమాత్రాన పాట అంతా నా ఒక్కదాని చేతిలోంచి వచ్చిందని చెప్పుకోవచ్చా? చెప్పుకోకూడదనే నేను అనుకుంటాను. నా పాటలో ఉన్న బేస్ కూడా అలాంటి నంబరు లూపే.

ఇప్పటిదాకా చెప్పింది వాయిద్యాల సంగతి. గొంతు దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న ఇంకా బిగుసుకుంది.

మా గల్లీలో మూడిళ్ల అవతల ఒక పెద్దమ్మ ఉంది. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుడుతుంది. తునికాకు కత్తిరించేటప్పుడు మాట్లాడుతుంది, చుట్టేటప్పుడు పాడుతుంది. ఆమె పాడేవాటిలో ఒక పొడుగు పాట ఉంది. కరువొచ్చి, పెళ్లయిన కొత్తలో మగనితో షోలాపూర్ మిల్లుకు బయల్దేరిన పిల్ల పాట అది. ఇంటి గడప, ఊరి చెరువు, బండి, స్టేషను, రైలు, దారిలో ఒక్కొక్క ఊరు వస్తాయి. ఒక్కొక్క దగ్గర ఆ పిల్ల వెనక్కి తిరిగి తల్లితో ఒక మాట చెప్తుంది. వరుస అంతా ఒకటే బాణీ, మాట మారుతుంది. మొత్తం పాడితే ఎనిమిది నిమిషాలు. మనలో చాలామంది ఇండ్లల్లో ముత్తాతలో, వాళ్ల తాతలో కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో అట్లా వచ్చినవాళ్లే కదా. అందుకే గ్యాదరింగ్ పాటలో ఆ గొంతు ఉండాలని నాకు ఆశ.

అడిగితే ఒప్పుకుంది. "పాడుతా గానీ నా మొఖం పడొద్దు" అని ఒక్కటే షరతు. ఫోన్లో రికార్డు చేసుకున్నాను. మొదటి చరణంలో ఒక వాక్యం కోసి, కొంచెం సాగదీసి, పది సెకన్ల గడిలో సరిగ్గా కూర్చునేటట్టు చేసి లూప్ చేశాను. దాని కింద దెబ్బ పెట్టేసరికి ఎంత బాగుందంటే, మా తబలా తమ్ముడు కూడా నోరు మూసుకుని విన్నాడు. మరునాడు పెద్దమ్మకు వినిపించాను. మొదటిసారి వాక్యం రాగానే నవ్వింది. మూడోసారికి చేతిలో బీడీ ఆగింది. ఐదోసారికి అంది:

"నన్ను ఆడ్నే నిలవెట్టినవేంది బిడ్డా? నేను ఇంకా బండే ఎక్కలే."

తీసేయమంటావా అని అడిగాను. "తియ్యమంటలేను. మంచిగనే ఉన్నది. అడిగిన, గంతే" అని మళ్లీ బీడీ చుట్టుకుంది.

ఈ మాట దగ్గర నేను చాలా రోజులు ఆగాను. మళ్లీ మళ్లీ రావడం తప్పా? మన పాటంతా మళ్లీ మళ్లీ వచ్చేదే. పల్లవి అందుకే ఉంది. తాళం ఆవర్తనాలుగా తిరుగుతుంది. త్యాగరాజ కీర్తన పాడేవాళ్లు ఒకే పంక్తిని నాలుగైదుసార్లు పాడతారు. కానీ ప్రతిసారీ ఒక కొత్త సంగతి వేస్తారు, పంక్తి కొంచెం కొంచెం విచ్చుకుంటూ పోతుంది. పెద్దమ్మ బాణీ కూడా తిరిగేదే, కానీ అది తిరిగినప్పుడల్లా ఆ పిల్ల ఒక ఊరు దాటుతుంది. బీడీకి దారం చుట్టే చోట పాట కొంచెం నిదానిస్తుంది, ముడి పడగానే మళ్లీ అందుకుంటుంది. లూప్‌లో ఇవేవీ ఉండవు. అదే శ్వాస, అదే గడప. మనిషి మాటను అట్లా తిప్పితే కొంతసేపటికి మాట పోయి మోత మిగులుతుంది. ఇది కనిపెట్టినవాళ్లు దాన్నే కోరుకున్నారు కూడా. 1948లో పారిస్ రేడియోలో పియర్ షెఫర్ గ్రామఫోన్ రికార్డు మీద గాడిని వలయంగా మూసి, సూది ముందుకు పోకుండా ఒకే శబ్దం తిరిగేటట్టు చేశాడు. 1965లో స్టీవ్ రైక్ అనే అమెరికా సంగీతకారుడు వీధిలో వాన, ప్రళయం గురించి బోధిస్తున్న ఒక మనిషి గొంతును టేపు ముక్కగా చేసి తిప్పి తిప్పి ఒక పేరున్న కృతి తయారుచేశాడు. విన్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది, అది నిజం. ఆ బోధకుడు ప్రళయం గురించి తర్వాత ఏం చెప్పబోయాడా అని మాత్రం నేను అనుకోకుండా ఉండలేకపోయాను.

మరి చట్టం ఏమంటుంది? మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాడేవాళ్లకూ అందులో హక్కులున్నాయి. సినిమాలో పాడినవాళ్లకే అని లేదు. 2012లో 38-బి అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం పాడినవాళ్లు తమ పేరు చెప్పమని అడగవచ్చు. తమ పాటను తమ పరువు పోయేటట్టు వికృతం చేస్తే అడ్డుకోవచ్చు. అయితే అందులోనే ఒక వివరణ కూడా ఉంది. ఎడిటింగ్ కోసమో, నిడివి సరిపెట్టడానికో కొంత భాగం తీసేస్తే, అంతమాత్రాన పరువుకు భంగం చేసినట్టు కాదట. అంటే చట్టం ప్రకారం పెద్దమ్మ పేరు అడగగలదు, బండి ఎక్కించమని అడగలేదు. చట్టం తప్పని నేను అనను. కోసిన ప్రతి ముక్కకూ కోర్టుకు పోతే రేడియో నడవదు. కానీ చట్టం ఊరుకున్నచోట మనమూ ఊరుకోవాలా అన్నదే నా ప్రశ్న.

మా క్లాసులో ఒకమ్మాయి ఇంకో వాదన తెచ్చింది. "ఆ పాట ఆమెది కూడా కాదు కదా! జానపదం అందరిదీ. అందరిదైనదానికి అనుమతి ఏంటి, పేరేంటి?" నిజానికి పెద్దమ్మ కూడా అదే చెప్పింది. "నా పాటనా? మా అమ్మది. ఆమెకు ఎవరు చెప్పిన్రో." వెతుక్కుంటూ పోతే మొదటి మనిషి దొరకదు. కానీ పాట అందరిదీ కావచ్చు, గొంతు అందరిదీ కాదు. మన మహారాష్ట్రలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. తిరగలి విసురుతూ ఆడవాళ్లు పాడే మరాఠీ ఓవీలను హేమా రాయిర్కర్, గీ ప్వాత్వాఁ అనే ఇద్దరు పరిశోధకులు, వాళ్ల తోటివాళ్లు ఊరూరా తిరిగి లక్షకు పైగా సేకరించారు. ఆ ఓవీలూ ఎవరు కట్టారో తెలియనివే. అయినా పారి అనే సంస్థ వాటిని ఇప్పుడు ప్రచురిస్తూ, పాడినావిడ పేరు, ఊరు రాస్తోంది. పాట పుట్టిన చోటు తెలియకపోయినా, మన దాకా ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలుసు. తెలిసినంత మేరకు చెప్పడం కష్టమేమీ కాదు. అమ్మ బొంత విషయంలో చేసేది కూడా అదే.

ఇక నేను పాటను ఏం చేశానో చెప్తాను. పల్లవిలో పెద్దమ్మ వాక్యం లూప్‌గా రెండుసార్లు వస్తుంది. అంతకు మించి రాదు. చరణంలో గడులు వదిలేశాను. డ్రమ్స్, బేస్ రెండూ ఆగిపోతాయి, కీబోర్డు ఒక్క స్వరం శ్రుతిలాగా పట్టుకుని ఉంటుంది. ఆమె గొంతు సాగదీయకుండా, కోయకుండా గడప నుంచి బయల్దేరి, చెరువు దాటి, బండి ఎక్కి, స్టేషను దాకా పోతుంది. యాభై సెకన్లు పట్టింది. నా 18 గడుల లెక్క చెడిపోయింది, ఇప్పుడు పాట మూడు నిమిషాల పైచిలుకు. అక్కడ తాళం కావాలనిపించి మా తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. దారం ముడి దగ్గర ఆమె నిదానించినప్పుడు వాడూ నిదానించాలి. అది ఏ లూప్ వల్లా కాదు, వాడికి కూడా నాలుగో ప్రయత్నానికి గానీ పట్టుబడలేదు. "ఇప్పుడు పాటనా, బొంతనా?" అంటే వాడు జవాబు చెప్పకుండా తబలా మీద బట్ట కప్పేశాడు. యాభై సెకన్లు డ్రమ్స్ లేకపోతే పిల్లలు అరుస్తారని ఇద్దరు ముగ్గురు భయపెట్టారు. అరవవచ్చు. అరిచినా ఆమె బండి ఎక్కుతుంది.

మిగిలింది పేర్ల సంగతి. గ్యాదరింగ్ కార్యక్రమ పత్రికలో ఒక్కో అంశానికి ఒక్క లైనే ఇస్తామన్నారు. పాట పేరు, పక్కన "సంగీతం" అని నా పేరు రాయమన్నారు. నేను నాలుగు లైన్లు రాసి ఇచ్చాను. గొంతు ఎవరిది, ఆమెకు ఆ పాట ఎవరు నేర్పారు, తబలా ఎవరు అన్నవి మొదటి మూడు. నాలుగోది, డ్రమ్స్, బేస్ లూప్‌లు సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవి, వాయించినవారి పేర్లు అందులో లేవు అని. నా పేరు చివర పెట్టి "కట్టినది" అని రాశాను. పెద్దమ్మ తన పేరు వేయడానికి ఒప్పుకుంది గానీ, తన పేరుకంటే ముందు వాళ్లమ్మ పేరు రావాలంది. అట్లాగే మార్చాను. సార్ కాగితం చూసి, "ఇంత చోటు లేదమ్మా" అని జేబులో పెట్టుకున్నారు. అచ్చుకు ఇవ్వడానికి ఇంకా వారం ఉంది.